నాలుగు వేళ్ళ కొసరు

మా వీధి చివర ఉన్న హైస్కూలు మైదానం గోడకు ఒక నల్లరాతి బండ బిగించి ఉంది. దాని మీద బంగారు రంగు అక్షరాలతో ‘400 మీటర్ల ప్రామాణిక పరుగు ట్రాక్’ అని రాసి, కింద తొమ్మిది పేర్లు చెక్కారు. ఆ తొమ్మిది మందిలో ఆ ట్రాక్ మీద నాలుగు అడుగులు ఉరికినవారు ఒక్కరూ లేరు. ఒకాయన మాత్రం ప్రారంభోత్సవం రోజున రిబ్బను కత్తిరించబోయి తడి సున్నం మీద జారి, రెండు బారల దూరం వేగంగా వెళ్ళాడు. దాన్ని పరుగు కింద లెక్క వేయాలో వద్దో నాకు తెలియదు.

ట్రాక్ కొలిచిన ఇద్దరి పేర్లు ఆ బండ మీద లేవు. ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. పేరు లేకపోవడమే మేలయింది.

కొలిపించినవాడు రాఘవేందర్ సారు, బడిలో ఆటల మాస్టరు. మెడలో ఈల, చేతిలో ఫోను, పొట్ట మీద బిగుతుగా ‘ఛాంపియన్’ అని రాసిన బనీను. ఆయన ఉరకగా చూసినవాళ్ళు గద్వాలలో ఎవరూ లేరు. వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఫోనులో గడియారం నొక్కి పిల్లలను ఉరికించేవాడు. మధ్యలో ఫోను మోగితే మాట్లాడుకునేవాడు. పిల్లలు చుట్టు ముగించి, నడుము మీద చేతులు పెట్టుకుని ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, మాట ముగించి “ఎంతల వచ్చిన్రు రా?” అని వాళ్ళనే అడిగేవాడు. అయినా ఆయనకు శిక్షణ తెలియదని అనలేం. ఏ రోజుకు ఆ రోజు కొత్త పద్ధతి తెలిసేది. ఒక వారం పచ్చి గుడ్లు, ఒక వారం లారీ టైరు నడుముకు కట్టి లాగడం, ఒక వారం నోరు మూసుకుని ఉరకడం. ఆ నోరు మూసుకునే పద్ధతి ఆయనకు పనికొచ్చేది, కానీ పిల్లలకు చెప్పాడు.

ట్రాక్ కావాలన్న పట్టుదల మాత్రం భీమన్నది. ఆయన ఇటిక్యాల వైపు ఊళ్ళలో రైతుల చేత పత్తి విత్తనాలు పండించే సీడ్ ఆర్గనైజరు. కొడుకు క్రాంతి కుమార్ నాలుగు వందల మీటర్లు ఉరుకుతాడు కాబట్టి, కొడుకు ఉరికే నేల దగ్గర తన పేరు ఉండాలని ఆయన కోరిక. బండ ఆయనే చేయించాడు. సున్నం, లడ్డూలు, షామియానా ఆయనవే. కొలిచే టేపు గురించి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. బడిలో ఉన్న టేపు పదిహేడు మీటర్ల దగ్గర తెగిపోయి ఉంది.

ప్రారంభోత్సవం ఇంకో రోజు ఉందనగా సారు మా ఇంటికి వచ్చాడు.

“పాండన్నా, మీ తాన మీటరు కట్టె ఉంటది కదా. జర వచ్చి ట్రాక్ కొలిచి పెట్టుండ్రి. కొలుసుడు మగ్గపోళ్ళకు తెల్సినట్టు ఎవలకు తెలుస్తది?” అన్నాడు.

నా కొడుకు పాండుకు పొగిడితే చాలు, మగ్గం దిగుతాడు. చీరలు కొలిచే మా టేకు కట్టె తీసుకుని నడిచాడు. వాడు కట్టె వేయాలి, కట్టె చివర నేను చేయి పెట్టాలి, నా చేతి పక్కన వాడు మళ్ళీ కట్టె వేయాలి. మా ఇంట్లో చీర కొలవడం ఎప్పుడూ ఇంతే. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టి, నాలుగు వందల సార్లు వంగి లేచి, సారు పాతించిన గూటాలను అక్కడక్కడ జరిపించి, చుట్టు సరిగ్గా కలిసేసరికి మధ్యాహ్నం అయింది. ఆ రాత్రి నా నడుముకు మాలతి, అంటే మా కోడలు, ఆముదం రాసింది.

ఇంత కష్టం నేను బండ కోసం పడలేదు. నా మనవరాలు ఉమ కోసం పడ్డాను. పదో తరగతి చదువుతోంది. సన్నటి పిల్ల, మోకాళ్ళు రెండూ మగ్గం గుంటలోకి పట్టనంత పొడుగు కాళ్ళు. పరుగంటే నాకు భయమే. బస్సంటే భయం, రైలంటే మరీ భయం, మనుషులు చెప్పులు వేసుకుంటుంటేనే నా గుండె కొట్టుకుంటుంది. కానీ పందేలన్నింటిలో ఈ నాలుగు వందల మీటర్ల పందెం నాకు నచ్చింది. వంద మీటర్ల పిల్ల అటు పోయి అటే నిలబడుతుంది. దూరాలు ఉరికేవాళ్ళు రోడ్డు పట్టి కనబడకుండా పోతారు. ఈ పందెంలో పోయిన పిల్ల ఒక చుట్టు చుట్టి, ఒక నిమిషం దాటగానే బయలుదేరిన గీత దగ్గరికే తిరిగి వస్తుంది. మా ఇంట్లో పోయిన మనుషులు అంత తొందరగా తిరిగి రావడం నేను చూడలేదు.

మా ఆయన దసరాకు వస్తానని చెప్పి భీవండి మరమగ్గాలకు వెళ్ళాడు. ఒక కార్డు రాశాడు. నాకు అప్పట్లో చదువు రాదు, ఇంకొకరి చేత చదివించుకోవడానికి సిగ్గు. పక్కింటి పిల్ల పలక పట్టుకుని అక్షరాలు నేర్చుకున్నాను. కార్డు నా అంతట నేను చదివేసరికి అందులో వస్తానన్న దసరా పోయి రెండేళ్ళయింది. అప్పటి నుంచి రెండు అలవాట్లు పట్టుకున్నాయి. ఒకటి, అక్షరం కనబడితే చదవడం. రెండోది, మా ఇంట్లో ఎవరు ప్రయాణమైనా వాళ్ళ చెప్పు ఒకటి దాచడం. వెతుక్కుంటూ ఒక గడియ ఆగుతారు కదా. ఇంట్లో అందరికీ తెలుసు. వెతకాల్సిన చోట్లు కూడా తెలుసు. అయినా మానలేకపోయాను.

బండ పెట్టిన నెలకు సారు పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి ఒక కబురు చెప్పాడు. వనపర్తిలో పోటీలు ఉన్నాయి. అందులో బాగా ఉరికినవాళ్ళను హైదరాబాద్ దగ్గరి క్రీడా హాస్టలుకు తీసుకుంటారు. చదువు, తిండి, బూట్లు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఆడపిల్లలయితే అరవై నాలుగు సెకన్ల లోపల చుట్టు ముగించాలి.

“మన ట్రాక్ మీద అరవై నాలుగు లోపల వచ్చినోళ్ళ ఫారం మీదనే నేను సంతకం పెడ్త. రానోళ్ళను తీస్కపోయి నా ఇజ్జత్ తీస్కోను” అన్నాడు.

ఉమ మొదటిసారి అరవై తొమ్మిదిలో వచ్చింది. తర్వాత అరవై ఎనిమిది. ఆ పైన ఎంత ఉరికినా అక్కడే ఆగిపోయింది.

“ఉమా, నువ్వు ఉరుకుతున్నవా, పీర్ల ఊరేగింపుల నడుస్తున్నవా?” అని సారు కుర్చీలోంచే అడిగేవాడు. పక్కన నిలబడ్డ మగపిల్లలు నవ్వేవారు. “గీ పిల్లకు చీరలు నేసుడే కరెక్టు. మగ్గం మీద కూసుంటే ఎవలు టైం చూడరు.”

 ఉమ ఇంటికి వచ్చి గోడకు కాళ్ళు ఎత్తిపెట్టి పడుకునేది. ఒకరోజు మాత్రం నాతో అంది.

“అవ్వా, మొదటి మలుపు మంచిగ ఉరుకుత. ఆవల సీదా గూడ మంచిగనే. రొండో మలుపు దాటినంక తొడలల్ల మంట లేస్తది, అయినా ఆగ. ఆఖరికి ఒక్క ముప్పై అడుగులే అవ్వా. గాడికి రాంగనే కాళ్ళు బండలైతయి. గా ముప్పై అడుగులు ఎవలవో అన్నట్టుంటది, నాయి గావు.”

“పోనియ్యి బిడ్డా. అందరు ఉరకాలంటే ఎట్ల?” అన్నాను. లోపల నాకు సంతోషంగా ఉంది. అరవై నాలుగు రాకపోతే సంతకం లేదు. సంతకం లేకపోతే వనపర్తి లేదు. వనపర్తి లేకపోతే హాస్టలు లేదు. నా మనవరాలు నా కళ్ళ ముందే ఉంటుంది. రాఘవేందర్ సారు పనికిరాని మనిషి అనుకున్నాను గానీ, మా ఇంటి పాలిట దేవుడే అనిపించింది.

అయినా భయం ఊరుకోదు. ఉమ టైరు లాగి వచ్చి రోజూ వాంతి చేసుకుంటోంది. ఈ పందేల వల్ల ఏమేం రోగాలు వస్తాయో తెలుసుకుంటే, ఆ పిల్లకు చెప్పి మాన్పించవచ్చు కదా అని గ్రంథాలయానికి వెళ్ళి ఆటల పుస్తకం ఒకటి తెచ్చుకున్నాను. అట్ట ఊడిన పుస్తకం. రోగాల అధ్యాయం ఉన్న పేజీలు ఎవరో ముందే చింపుకుపోయారు. మిగిలింది ట్రాక్ ఎలా గీయాలన్న అధ్యాయం, చివర దేశంలో బాగా ఉరికినవాళ్ళ టైముల పట్టిక. చేతిలో పుస్తకం ఉంటే చదవకుండా ఉండలేను. చదివాను. లోపలి అంచు నుంచి ఎంత దూరంలో కొలవాలి, ఉక్కు టేపు ఎలా పట్టుకోవాలి అన్నీ ఉన్నాయి. ‘కొలతకు కొలతకు మధ్య ఏమాత్రం ఎడం ఉండరాదు’ అని ఒక వాక్యం ఉంది.

ఆ వాక్యం దగ్గర నా చేతికేసి చూసుకున్నాను.

మగ్గం మీద చీర బిగించి ఉంటుంది. దించాక ముడుచుకుంటుంది. షావుకారు దగ్గర మడత విప్పినప్పుడు జానెడు తగ్గినా, ఆయన ఆ చీరను మా ముఖం మీదికి తిరిగి విసురుతాడు. అందుకని మా మగ్గాలవాళ్ళం మీటరు కట్టె వేసిన ప్రతిసారీ దాని చివర నాలుగు వేళ్ళు ఆనించి, ఆ వేళ్ళ అవతల నుంచి మళ్ళీ కట్టె వేస్తాం. దాన్ని కొసరు అంటాం. మా అత్త నా చేయి పట్టుకుని నేర్పింది. యాభై ఏళ్ళుగా నా చేయి నన్ను అడగకుండానే ఆ పని చేస్తోంది.

మైదానంలోనూ చేసింది. నాలుగు వందల సార్లు.

కట్టె తెచ్చి నా నాలుగు వేళ్ళ వెడల్పు చూసుకున్నాను. ఏడు సెంటీమీటర్లు. కాగితం మీద లెక్క వేశాను. ఇరవై ఎనిమిది మీటర్లు వచ్చింది. నమ్మలేక మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే. భూమి చీర కాదు కదా, దించాక ముడుచుకోవడానికి. ఆ తొమ్మిది పేర్ల బండ కింద నేను నా మనవరాలి దారికి ఇరవై ఎనిమిది మీటర్ల కొసరు కట్టాను. ఆ పిల్ల తనవి కావన్న ముప్పై అడుగులు నిజంగానే ఆమెవి కావు. నావి.

కాగితం మడిచి చీరకొంగున ముడి వేసుకుని, ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిది రోజులు చెప్పలేదు. చెప్పకపోవడానికి నాకు చాలా కారణాలు దొరికాయి. సారు పరువు పోతుందన్నాను. సారు పరువు గురించి నాకెప్పటి నుంచి బెంగ? పాండుకు చెడ్డపేరు వస్తుందన్నాను. హాస్టళ్ళలో నీళ్ళు మంచివి కావన్నాను. ఒక పొద్దున ఉమ కాలి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోతే పసుపు పెట్టి కట్టాను. కడుతూ కూడా చెప్పలేదు. మాలతి మాత్రం నావైపు ఒకరకంగా చూసి, “అత్తమ్మా, పిల్ల పోతే పోనియ్యి. నేనే ఏడ్వనిది నీకేంది పరేషాన్?” అంది. ఆమెకు లెక్క తెలియదు గానీ నేను తెలుసు.

ఆఖరి పరీక్ష సోమవారం. ఆ పొద్దున ఉమ పరుగు కోసం వేసుకునే ముళ్ళ బూట్లలో ఎడమది కనబడలేదు. దాన్ని నేను దారం ఉండల గంపలో, అడుగున పెట్టాను. ఉమ మంచం కింద చూసింది, బియ్యం డబ్బా వెనక చూసింది, మగ్గం గుంటలో చూసింది. అన్నీ నేను పాత కాలంలో దాచిన చోట్లు. గంప కొత్త చోటు.

“అవ్వా, దాచినవా?”

“నాకెందుకే నీ బూటు?”

ఆ పిల్ల నా ముఖంలోకి కొంచెంసేపు చూసింది. కోపగించుకుని ఉంటే బాగుండేది. “మంచిది. ఉత్త కాళ్ళతోనే ఉరుకుత” అని, ఊడిన గోటి మీద నేను కట్టిన గుడ్డ ఇంకొంచెం బిగించుకుని, వాకిలి దాటి వెళ్ళిపోయింది. ఆగనే లేదు. ఇన్నేళ్ళలో చెప్పు వెతకడం మానేసి వెళ్ళినవాళ్ళను నేను మొదటిసారి చూశాను.

ఇంట్లో నేనూ గంపా మిగిలాం. కాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి బూట్ల జత ఒక చేత, మీటరు కట్టె ఒక చేత పట్టుకుని, “పాండూ, మగ్గం దిగు. పని వడ్డది” అని పిలిచాను.

మేము వెళ్ళేసరికి క్రాంతి కుమార్ ఉరుకుతున్నాడు. మంచి పిల్లవాడే, బొద్దుగా ఉంటాడు, ఎవరినీ ఒక మాట అనడు. వేపచెట్టు కింద సారు పక్కన ఇంకో కుర్చీలో భీమన్న కూర్చున్నాడు. క్రాంతి కుమార్ ఇంకా ఆఖరి మలుపులో ఉండగానే సారు బొటనవేలు ఫోను మీద పడింది.

“నలభై తొమ్మిది!” అని అరిచి సారు చప్పట్లు కొట్టాడు. “భీమన్నా, మీ పిలగాడు చిరుత!”

చిరుత ఇంకా గీత చేరుకోలేదు. కొంతసేపటికి వచ్చింది.

తర్వాత ఉమ గీత దగ్గర వంగబోతుంటే నేను అడ్డంగా వెళ్ళాను.

“జర ఆగుండ్రి సార్.”

“అవ్వా, పక్కకు జరుగు. గిది టెస్టు” అన్నాడు సారు.

“తెల్సు. గందుకే వచ్చిన.” ముందు ఉమకు బూట్లు ఇచ్చాను. “ఎడమది గంపల ఉండె” అన్నాను. ఆ పిల్ల తీసుకుని కాళ్ళకు వేసుకుంది. ఆ తర్వాత సారు వైపు తిరిగాను. “మీ ట్రాక్ నాలుగు వందలు గాదు సార్. ఇర్వై ఎనిమిది మీటర్లు ఎక్కువున్నది. కొలిచింది నేను. తప్పు నాది.”

నాలుగు వేళ్ళ సంగతంతా చెప్పాను. చేయి చూపించాను. పాండు ముఖం పాలిపోయింది. “అమ్మా, నిజమే. నీ చెయ్యి పక్కకెంచే వేసిన నేను” అన్నాడు. మగపిల్లలు మొదట నవ్వారు, తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రోజూ ఆ ఇరవై ఎనిమిది మీటర్లు వాళ్ళూ ఉరికారు మరి.

సారు లేచి బండ దగ్గరికి వెళ్ళి దాని మీద చేయి వేశాడు. “ఏమున్నది గీడ? చదువు. నాలుగు వందలు అని ఉన్నదా లేదా? పెద్దమనుషులు తొమ్మిది మంది పేర్లున్నయి. వాళ్ళందరు అబద్ధం, నీ నాలుగు వేళ్ళు నిజమా?”

“పేర్లు కొలువలే సార్. నేను కొలిచిన.”

“రాతి మీద రాసింది మారదు అవ్వా!”

“మంచిది, మారద్దు” అన్నాను. కొంగు ముడి విప్పి కాగితం తీసి, ఒక పిల్లవాడి పెన్నుతో దాని వెనక లెక్క వేశాను. “అయితే క్రాంతి లెక్క గూడ చూడుండ్రి. నాలుగు వందల ఇర్వై ఎనిమిది మీటర్లు మీ గడియారంల నలభై తొమ్మిది సెకన్లకు ఉరికిండంటే, ఉత్త నాలుగు వందలకు నలభై ఆరు గూడ పట్టది. గ్రంథాలయం పుస్తకంల దేశం మొత్తంల మంచిగ ఉరికినోళ్ళ టైములున్నయి, చూసిన. మనోడు వాళ్ళ పక్కకే ఉన్నడు. ఇంక వనపర్తి ఎందుకు సార్, సీదా ఢిల్లీకి పంపుండ్రి.”

నేను ఎత్తిపొడుపుగానే అన్నాను. కానీ భీమన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

“ఏమంటివి అవ్వా? నలభై అయిదా? నా కొడుకా? ఏం రాఘవేందర్, నాకు చెప్పనే లేదు? పేపరోళ్ళను పిలువు. ఢిల్లీల ఎవలకు రాయాలె, ఇప్పుడే రాయి!”

“నాయినా, నాతోని గాదే…” అని క్రాంతి కుమార్ ఏదో చెప్పబోయాడు. “నువ్వు ఊకో, నీకు నీ సంగతి తెల్వదు” అని తండ్రి వాడి నోరు మూయించాడు.

సారు బనీను తడిసి ‘ఛాంపియన్’ అక్షరాలు ఒంటికి అంటుకున్నాయి. ట్రాక్ పొడుగని ఒప్పుకుంటే క్రాంతి కుమార్ దేశానికి మొనగాడవుతాడు, రేపు ఢిల్లీవాళ్ళు గడియారం పట్టుకుని వస్తారు. గడియారం అబద్ధమని ఒప్పుకుంటే భీమన్న ఊరుకోడు. నన్ను బండ చాటుకు పిలిచాడు.

“పెద్దమ్మా, నీ కాళ్ళు మొక్కుత. నీకేం గావాలె?”

“పిల్లకు సరైన కొలత.”

సారు కొంచెంసేపు ఆలోచించాడు. ఆ మనిషిలో అధికారి కాదగ్గ గుణం ఎంత ఉందో అప్పుడు చూశాను. బయటికి వచ్చి గొంతు సవరించుకుని ప్రకటించాడు.

“ట్రాక్ నాలుగు వందలే. అండ్ల డౌటు లేదు. భీమన్నా, మీ పిలగాడు నలభై తొమ్మిదే, ఢిల్లీ తర్వాత చూద్దాం. కానీ ఆడపిల్లల సౌకర్యం కోసం వేరే గీత కొలిపిస్తున్న. గది గూడ నాలుగు వందలే.”

ఆ విధంగా మా గద్వాల మైదానంలో నాలుగు వందల మీటర్లు రెండయ్యాయి. రాతి మీదిది ఒకటి, నేల మీదిది ఒకటి. భీమన్న కొంచెం నిరాశగా కూర్చున్నాడు. క్రాంతి కుమార్ మాత్రం నావైపు చూసి చేతులు జోడించాడు.

పాండు, నేను మళ్ళీ వంగాం. ఈసారి నా కుడిచేతిని కొంగులో చుట్టి నడుముకు దోపుకున్నాను. దాన్ని నమ్మలేను. ఎడమచేతి చూపుడువేలి గోటితో కట్టె చివర గీత గీస్తూ పోయాను. మగపిల్లలు వెంట నడుస్తూ గట్టిగా లెక్క పెట్టారు. నాలుగు వందోసారి కట్టె పడ్డ చోట లేచి చూస్తే, బయలుదేరే గీత ఇంకా ముందు, దూరంగా ఉంది. అక్కడ గీయడానికి సున్నం లేదు. కుడిచేతికి చుట్టిన కొంగు విప్పి, నేనే కట్టెను నిలువుగా పట్టుకుని నిలబడ్డాను.

“నా తానకు ఉరికి రా బిడ్డా. గీతను చూడకు, నన్ను చూడు” అన్నాను.

సారు ఫోను ఒక్కటే ఉంటే మళ్ళీ ఏమవుతుందో అని మగపిల్లలు నలుగురు తమ ఫోన్లు పట్టుకుని నా పక్కన నిలబడ్డారు. ఈల మోగింది.

మొదటి మలుపులో ఉమ తేలికగా వంగి పోయింది. అవతలి వైపు పోయాక చిన్నదైంది, గోడ పక్కన ఒక ఎర్ర గీతలా కదిలింది. అక్కడ ఉన్నంతసేపూ నాకు ఊపిరి ఆడలేదు. రెండో మలుపు తిరిగి నావైపుకి రాసాగింది. ముఖం బిగుసుకుంది, మెడ నరాలు లేచాయి, చేతులు మాత్రం ఊగుతూనే ఉన్నాయి. వస్తోంది, నా దగ్గరికే వస్తోంది, అనుకున్నాను. కట్టె పట్టుకున్న చేతులు వాటంతట అవే కొంచెం చాచుకున్నాయి, ఆమెను పట్టుకోవడానికి.

ఉమ నన్ను దాటింది. దాటేటప్పుడు నన్ను చూడలేదు. ఆమె కళ్ళు నా వెనక ఎక్కడో ఉన్నాయి. గాలి నా కొంగును లేపింది. ఆగలేక, ఆ వేగానికి పాత గీత దాకా ఉరికి, దాన్నీ దాటి, గోడ దగ్గర బండకు రెండు చేతులూ ఆనించి నిలబడింది. ఆ తొమ్మిది పేర్లకు ఏదైనా ఉపయోగం ఉందంటే, ఆ ఒక్క నిమిషమే.

“అర్వై మూడు పాయింట్ నాలుగు!” అని పిల్లలు అరిచారు. నాలుగు ఫోన్లలోనూ దాదాపు అంతే. సారు ఫారం తొడ మీద పెట్టుకుని సంతకం చేశాడు. శిక్షకుడి పేరు రాసే చోట తన పేరు పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు.

వనపర్తికి నేను వెళ్ళలేదు, మాలతి వెళ్ళింది. ఉప్పునుంతల నుంచి వచ్చిన పిల్ల మొదట వచ్చిందట, మా ఉమ రెండోది. అరవై రెండు పాయింట్ తొమ్మిది. హాస్టలులో సీటు ఇచ్చారు. క్రాంతి కుమార్‌కు యాభై ఎనిమిది పట్టింది. వనపర్తివాళ్ళు ట్రాక్ పొడుగ్గా గీశారని, దాని మీద పైకి రాస్తానని రాఘవేందర్ సారు భీమన్నకు చెప్పాడట. మా వీధి మూలన ఇప్పుడు ఒక ఫ్లెక్సీ ఉంది. సారు ఫొటో పెద్దది, భీమన్న ఫొటో అంతకంటే పెద్దది. ఉమ ఫొటో మూలన, నాలుగు వేళ్ళంత.

పోయే రోజు పొద్దున ఉమ చెప్పులు రెండూ కలిపి పడుగు దారంతో ముడివేసి సంచికి కట్టుకుంది. బూట్లు కాళ్ళకే వేసుకుని పడుకుందని మాలతి నవ్వుతూ చెప్పింది. నేను ఏమీ దాచలేదు. దాచడానికి ఏమీ మిగల్చలేదు.

“ఎన్నొద్దులకు వస్తవే?” అని అడిగాను.

“నెలకు పంపిస్తరంట అవ్వా. ఒకటే నెల” అని, నా చేయి ఒకసారి పట్టుకుని, ఆ నాలుగు వేళ్ళు చూసి నవ్వి, బస్సెక్కింది. కిటికీ పక్కన సీటు దొరకలేదు. బస్సు కదిలాక కనబడలేదు.

నెలంటే ముప్పై రోజులు. ఎందుకైనా మంచిదని నాలుగు రోజులు కొసరు వేసుకున్నాను. ఇవాళ ముప్పై రెండో రోజు. ఇంకా రెండు వేళ్ళు ఉన్నాయి.